ఏడో తారీఖు తనిఖీ

"కిలోమీటర్లు అడగరేంటి మేడం? వచ్చిన ప్రతివాళ్ళూ ముందు అదే అడుగుతారు," అన్నాడు నాని.

"బండి ఎంత తిరిగిందో నాకెందుకయ్యా? ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పు, చాలు," అంది మల్లీశ్వరి.

నాని నవ్వాడు. ఆమె నవ్వలేదు, గడియారం చూసుకుంది. పదకొండూ పది. ఆటోనగర్‌లోని ఈ పాత కార్ల యార్డులో, రేకుల పందిరి కింద నిలబెట్టిన ఆ వెండిరంగు కారు ఒంటిగంటకల్లా చెయ్యి మారిపోతుంది. ఏలూరు పార్టీ అడ్వాన్సు ఇచ్చేసింది, బండి తీసుకుపోవడానికి బయల్దేరింది కూడా. వాళ్ళు దాన్ని టాక్సీకి తిప్పుతారట. సీట్లు, లోపలి అట్టలు మొత్తం ఊడబెరికి కొత్తవి వేయిస్తారట. అంటే ఈ బండి చెప్పగలిగిన సాక్ష్యానికి ఇంకా గంటా యాభై నిమిషాలే ఆయుష్షు.

మల్లీశ్వరిది కంకిపాడు దగ్గర పల్లె. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళు క్లెయిముల దర్యాప్తు చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, గాంధీనగర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. పాత బండి కొనేవాళ్ళు చాలామంది ముందు ఆమె దగ్గరికొచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వించుకుని మరీ కొంటారు. ఇవాళ కూడా అలాంటి పనే అనుకున్నాడు నాని.

కానీ ఆమెను పంపింది కొనేవాళ్ళు కాదు. పెడనలో చేనేత బట్టల వ్యాపారం చేసే భానుచందర్ భార్య రేణుక. నిరుడు సెప్టెంబరు పద్నాలుగు, శనివారం, సాయంత్రం నాలుగింటికి భానుచందర్ ఇదే కారెక్కి ఇంట్లోంచి బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. పోలీసులు అడిగితే అతని పాత భాగస్వామి జ్ఞానేశ్వర్ కాగితాలు తెచ్చి చూపించాడు. ఆ కారు ఆగస్టు ఇరవైనే తనకు అమ్మేశాడన్నాడు. సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు అది తన ఇంటి ముందే మునిగిందన్నాడు. ఏడో తారీఖున బీమా సర్వేయరు వచ్చి తనిఖీ కూడా చేశాడన్నాడు. ఏడున మునిగి ఉన్న కారులో పద్నాలుగున మనిషి ఎలా వెళ్తాడు? రేణుకే ఏదో దాస్తోందని అనుకున్నారు. భర్త తనంతట తాను వెళ్ళిపోయాడని రాసి ఫైలు మూసేశారు. పెడనలో జనం ఆ వెళ్ళిపోవడానికి ఒక ఆడమనిషిని కూడా తగిలించారు.

"ఆయన ఉన్నారో లేరో తర్వాత చెప్పండి మేడం," అంది రేణుక మొదటిరోజే. "నన్ను వదిలేసి వెళ్ళారా, లేదా? అది ముందు చెప్పండి. పది నెలల్నించి ఆ మాట మీదే బతుకుతున్నాను."

మల్లీశ్వరి నాని చేతిలోంచి ఫైలు తీసుకుంది. నిరుటి జులై దాకా సర్వీసు చీటీలు సక్రమంగా ఉన్నాయి. తర్వాత ఏడో తారీఖు తనిఖీ రిపోర్టు. దాని వెనక ఇదే ఆటోనగర్‌లో సాంబమూర్తి షెడ్డు రిపేరు బిల్లు. అన్నింటికీ పైన యార్డు వాళ్ళు మొన్న చేసిన పరీక్ష కాగితం, నూట అరవై అంశాలు, నూట అరవైకీ ఆకుపచ్చ టిక్కులు.

"మా పెద్దాడికి పదేళ్ళ చదువులో కూడా ఇన్ని టిక్కులు పడలేదయ్యా," అంది.

"మేం ఏదీ దాచం మేడం. వరద బండి అని మేమే రాసిచ్చాం చూడండి. బండి ఓనరు గారే దగ్గరుండి రాయించారు."

మల్లీశ్వరి చెవి అక్కడ ఆగింది. నీళ్ళు తాగిన బండిని ఎండబెట్టి, అత్తరు కొట్టి, గుడి నుంచి తెచ్చిన బొట్టు పెట్టి, నీటి చుక్క ఎరగదని ఒట్టేసి అమ్మిన వాళ్ళను ఆమె వందల మందిని చూసింది. మునిగింది మొర్రో అని తనే కాగితం పట్టుకు తిరిగే అమ్మకందారును చూడటం ఇదే మొదలు.

సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసింది. ముందు తలుపు లోపలి అట్ట విప్పడం మొదలుపెట్టింది.

"మేడం, గీతలు పడతాయి! పార్టీ వస్తుంది!"

"గీత కోసమేనయ్యా విప్పేది."

అట్ట వెనక రేకు మీద ఎండిన బురద గీత ఉంది. బయట ఎంత కడిగినా అక్కడ కడిగేవాడు ఉండడు. టేపు పెట్టి కొలిచింది. గీత అద్దం దిగే గాడికి రెండంగుళాల కింద ఉంది. వెనక తలుపు అట్ట కూడా విప్పింది. అక్కడ గీత జారిపోయి, గడపకు జానెడు ఎత్తులో ఉంది. డిక్కీలో చాప ఎత్తి చూసింది. అక్కడ గీతే లేదు. రేకు ఫ్యాక్టరీలో వేసిన రంగుతోనే మెరుస్తోంది.

ఇంటి ముందు నిలబెట్టిన బండిలోకి వరద వస్తే గీత మట్టంగా ఉంటుంది. ముందూ వెనకా ఒకటే ఎత్తు. ఈ బండిలో ముందు నుంచి వెనక్కి వాలిపోయింది. బండి ముక్కు కిందికి, తోక పైకి ఉన్నప్పుడు తప్ప నీళ్ళు అలా గీత గియ్యవు.

నాలుగు సీట్ల బెల్టులు ఒక్కొక్కటే చివరిదాకా లాగింది. మూడు బెల్టుల అడుగున చీటీల్లో తయారీ సంవత్సరం 2018. డ్రైవరు బెల్టు చీటీలో 2024. వెనక్కి వెళ్ళి ఒంగి చూసింది. వెనక బంపరు కూడా కొత్తదే.

"నానీ, వరదలో బంపరెందుకు పోయిందంటావు?"

నాని గేటు వైపు చూశాడు. ఆమె డిక్కీ దగ్గర ఉన్నప్పుడే అతను పక్కకెళ్ళి ఫోన్లో ఎవరితోనో గుసగుసలాడటం ఆమె చూసింది. ఆ ఫోను ఫలితం ఇరవై నిమిషాల్లో గేటు దాటి లోపలికొచ్చింది. ముందు జ్ఞానేశ్వర్, ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. వెనకాల సర్వేయరు వెంకటకృష్ణారావు, ఏడో తారీఖు రిపోర్టు మీద సంతకం పెట్టిన మనిషి. ఒకప్పుడు మల్లీశ్వరి పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు.

"ఏవండీ మల్లీశ్వరి గారూ! డిటెక్టివ్ పనిలో కారు కొనే స్తోమత వచ్చిందన్నమాట!" అన్నాడు సర్వేయరు.

"మీరు సంతకం పెట్టిన బండ్లు చవగ్గా వస్తాయని విన్నానండి. అందుకే వచ్చాను."

కృష్ణారావు మొహం కాస్త ఎర్రబడింది. "నా రిపోర్టు మీద అనుమానమా? ఈ కేసులో పోలీసులే ఒప్పుకున్న కాగితం అది."

"అబ్బెబ్బే, అనుమానమేంటండీ. మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయిందో. ఇంట్లో అందరూ కులాసానా? నిరుడు వరదల్లో పాపం మీరు పండగ కూడా చేసుకున్నారో లేదో."

"ఎందుకు చేసుకోలేదండీ? మా అత్తగారిది కూచిపూడి. అక్కడ నీళ్ళ బాధ లేదు. శుక్రవారం రాత్రికే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాం. పత్రి నేనే కోసుకొచ్చాను, కథ నేనే చదివాను. ఆదివారం సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు." మాట పూర్తయ్యాక కూడా ఆయన మొహంలో ఉండ్రాళ్ళ తృప్తి ఉంది.

మల్లీశ్వరి రిపోర్టు తెరిచి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. "సెప్టెంబరు ఏడు, శనివారం, ఉదయం పదిన్నర, సింగ్‌నగర్, యజమాని సమక్షంలో. కింద మీ సంతకం. నిరుడు వినాయక చవితి ఏ రోజండీ కృష్ణారావు గారూ?"

ఆయన రిపోర్టు అందుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

"పదిన్నరకి మీరు కూచిపూడిలో కథ చదువుతుంటే, సింగ్‌నగర్లో ఈ బండి చూసిందెవరు? వినాయకుడా?"

నాని పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"తారీఖు... టైపింగులో పడ్డ పొరపాటై ఉంటుంది. ఆ నెల నాలుగొందల పన్నెండు బండ్లు చూశానండీ నేను!"

"చూసినవెన్నండీ, రాసినవెన్ని?"

"మాటలు మర్యాదగా రానివ్వండి! మీరు ఉద్యోగం ఎందుకు వదిలారో నాకు తెలుసు."

"తెలిసే ఉంటుంది. మీ రిపోర్టులు చదివేదాన్ని కాబట్టే వదిలాను."

ఇంతసేపూ పలకని జ్ఞానేశ్వర్ అప్పుడు ముందుకొచ్చాడు. గొంతులో తొందర లేదు. "పోనీ తారీఖు తప్పే అనుకుందాం అక్కగారూ. ఆయన నాలుగు రోజులు ఆలస్యంగా చూసి, గడువు దాటుతుందని ముందు తారీఖు వేసుంటారు. ఆ నెల్లో ఎవరు చెయ్యలేదు ఆ పని? కానీ బండిలో బురద అబద్ధమా? నీళ్ళు అబద్ధమా? మీరే విప్పి చూశారుగా."

మనిషి గట్టివాడే. ఒక గోడ కూలితే రెండో గోడ వెనక నిలబడ్డాడు. తారీఖు తప్పని తేలినంత మాత్రాన కారు పద్నాలుగున భానుచందర్ చేతిలో ఉందని తేలదు. వాలు గీత చూపిస్తే, ఇంటి ముందు పల్లంలో దిగబడిందంటాడు. ఇంకొకటి కావాలి. అతని నోటి నుంచే రావాలి.

"నిజమే తమ్ముడూ. అయితే సాంబమూర్తి షెడ్డు దాకా వెళ్ళొస్తాను. రిపేరు ఎన్నో తారీఖున మొదలైందో ఆయన పుస్తకంలో ఉంటుంది."

"పదండి, నేనూ వస్తాను. నాకేం భయం?" అన్నాడు జ్ఞానేశ్వర్.

షెడ్డు రెండు వీధుల అవతల. పన్నెండూ ఐదుకి నలుగురూ అక్కడున్నారు. బేరం చెడుతుందేమోనని నాని కూడా వెంట వచ్చాడు.

సాంబమూర్తికి డెబ్బై దాటాయి. కళ్ళజోడుకి ఒకవైపు కాడ లేదు, ఆ స్థానంలో దారం చెవికి చుట్టి ఉంది. అడగ్గానే అలమర్లోంచి గ్రీజు మరకల పొడుగాటి పుస్తకం తీశాడు.

"నా పుస్తకంలో తారీఖు మారదమ్మా. మాట కూడా మారదు. బండి తెచ్చినవాడు ఏ మాటంటే ఆ మాటే రాస్తాను. నా మాటల్లో రాస్తే, రేపొచ్చి నేనెప్పుడన్నానంటాడు."

మల్లీశ్వరి వేలు పెట్టి పేజీ వెంట పైకీ కిందికీ చూసింది. తర్వాత పైకే చదవడం మొదలుపెట్టింది. "'సీట్ల దాకా నీళ్ళొచ్చినయ్.' 'నీళ్ళొచ్చి ఇంజను పట్టేసింది.' 'ఇంట్లోకీ బండిలోకీ ఒకేసారి వచ్చినయ్ నీళ్ళు.' 'రాత్రికి రాత్రి నీళ్ళొచ్చినయ్, తాళం తీసే టైము కూడా లేదు.' ఆ వారమంతా ఇరవై మూడు బండ్లు. అన్నింటికీ నీళ్ళొచ్చాయి." వేలు ఆగింది. "ఇరవై నాలుగోది. పదహారో తారీఖు, సోమవారం. తెచ్చింది జ్ఞానేశ్వర్ గారు. 'బండి నీళ్ళలో దిగింది. స్టార్ట్ అవట్లేదు.'"

జ్ఞానేశ్వర్ పుస్తకంలోకి తొంగి చూశాడు. పక్క షెడ్డులో ఎవడో రేకు సాగగొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"మాటలో ఏముందండీ?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"అంతా అందులోనే ఉంది తమ్ముడూ. వరదొచ్చిన ఇంటివాణ్ణి ఎవర్నైనా అడుగు. నీళ్ళొచ్చాయంటాడు. బండి ఉన్నచోటే ఉంటుంది, నీళ్ళే నడిచొస్తాయి. బండి నీళ్ళలో దిగిందని ఎవడంటాడు? నీళ్ళు ఉన్నచోటే ఉండగా బండే నడిచెళ్ళడం చూసినవాడు అంటాడు. నువ్వు చూశావు. పదహారున ఆ బొమ్మ ఇంకా కళ్ళల్లోంచి పోలేదు. అందుకే నోట్లోంచి అదే వచ్చింది."

"నోరు జారితే హత్యా నేరమా?"

"హత్య అని నేననలేదే!" అంది మల్లీశ్వరి తాపీగా. "పద్నాలుగున పెడన దారిలో ఏదో కాలవలో ముక్కు దించి పడింది బండి. అందుకే గీత వాలింది. వెనకనుంచి ఏదో పెద్ద బండి తోసింది. అందుకే బంపరు పోయింది. బుడమేరు ఎంత చెడ్డదైనా వెనకనుంచి గుద్దదు. ఊరంతా మునిగిన కార్లతో నిండి ఉన్నప్పుడు ఇంకొక మునిగిన కారును ఎవరు అడుగుతారు? ఆ లెక్క మాత్రం బాగా వేశావు."

కృష్ణారావు గోడకి చేరబడ్డాడు. చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "పదిహేడున ఫోన్ చేశాడండీ నాకు. క్లెయిము గడువు దాటిపోతోంది, తారీఖు ఏడు వెయ్యండి సార్ అన్నాడు. బండి ఈ షెడ్డులోనే చూశాను. సింగ్‌నగర్ వెళ్ళనేలేదు. అంతే తెలుసండీ నాకు, మా పిల్లల మీద ఒట్టు."

"ఆ మాట రాసి సంతకం పెట్టండి. ఈసారి అసలు తారీఖు వెయ్యండి."

ఆయన జేబులు తడుముకుంటుంటే సాంబమూర్తే చెవి మీది పెన్సిలు ఇచ్చాడు. మల్లీశ్వరి ఒళ్ళంతా తేలికైంది. పది నెలల అబద్ధం గంటలో ఊడిపోయింది. ఇంకొక్కటి మిగిలింది.

"సాంబమూర్తి గారూ, డ్రైవరు బెల్టు ఒక్కటే ఎందుకు మార్చారు?"

"బాగుంటే ఎందుకు మారుస్తానమ్మా? తెగి ఉంది. పై ముక్క చుట్టలోకి వెళ్ళిపోయింది, కింది ముక్క లాకులో బురదలో ఇరుక్కుని ఉంది. కొత్తది వెయ్యాలన్నాను, వెయ్యమన్నాడు. ఎందుకని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు."

"పాతదేమైంది?"

"మంచి పట్టీ, పారేస్తామా?" మూల నిచ్చెనను గోడకి కట్టి ఉంచిన పట్టీ విప్పుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. రెండు ముక్కలు, కలిపి ముడేసి ఉన్నాయి.

మల్లీశ్వరి ముడి విప్పి, తెగిన అంచులు వెలుతురులోకి పట్టుకుంది. తెంపితే పీచు పీచుగా లేస్తుంది. ఇది లేవలేదు. చిన్న కత్తితో నాలుగైదు గాట్లు, తొందర తొందరగా. ఒంటికి తగిలే వైపు నున్నగా తెగింది, బయటి వైపు మాత్రం కాస్త పీచు లేచింది. కత్తి లోపలినుంచి బయటికి వచ్చింది. బయట నిలబడి కోసేవాడు అలా కొయ్యలేడు.

ఆమె ముఖం వెలిగిపోయింది. "కృష్ణారావు గారూ, ఇది చూడండి! ఇలా కోసింది సీట్లో కూర్చున్నవాడే. చచ్చినవాడు బెల్టు కోసుకోడుగా! వెనక సీటు ఎత్తు దాకా నీళ్ళే రాలేదు. బెల్టు కోసుకుని వెనక్కి పాకాడు, వెనక తలుపు తీసుకుని గట్టెక్కాడు!"

అంటూనే రేణుకకు ఫోన్ చేసింది. మొదటి గంటకే ఎత్తింది రేణుక.

"అమ్మా, మీ ఆయన దగ్గర చిన్న కత్తేమైనా ఉండేదా?"

"పోగులు తెంపే కత్తండి. తాళాల గుత్తికే ఉంటుంది. మగ్గం మీద పెరిగిన మనిషి కదండీ, అది లేకుండా గడప దాటరు. ఎందుకండీ?"

"మిమ్మల్ని వదిలేసి వెళ్ళలేదమ్మా ఆయన. కాలవలో పడేశారు. బతికి బయటపడ్డారు."

రేణుక ఏడుస్తుందనుకుంది మల్లీశ్వరి. ఏడవలేదు. చాలా చిన్నగా అడిగింది. "మరి ఇంటికెందుకు రాలేదండీ?"

జవాబు కూడా రేణుకే చెప్పింది, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ.

"ఆ రోజు ఆయన్ని పంపింది నేనేనండి. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేకపోయాను. కంకిపాడులో బట్టలు కొనే పెద్ద పార్టీ ఉంది, మెయిన్ రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి, కాలవగట్టు మీదుగా పంపించు వదినా అని జ్ఞానేశ్వర్ ఫోన్ చేశాడు. అప్పటికి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అతని పేరు చెబితే ఈయన కదలరు. పని కుదిరితే మళ్ళీ కలుస్తారులే అనుకున్నాను. అందుకని పేరు చెప్పలేదు. నాకే తెలిసిందన్నాను. గట్టు మీదుగా వెళ్ళండని కూడా నేనే అన్నాను. నేనే కావాలని పంపాననుకున్నారండీ. నేనూ జ్ఞానేశ్వర్‌తో కలిశాననుకున్నారు."

మల్లీశ్వరి ఫోన్ చెవికి ఆనించుకునే వెనక్కి తిరిగింది. కృష్ణారావు రాస్తున్నాడు. నాని నోరు తెరిచి నిలబడ్డాడు. జ్ఞానేశ్వర్ లేడు.

"ఆ అబ్బాయా?" అన్నాడు సాంబమూర్తి. "మీరు బెల్టు చూపిస్తున్నప్పుడే వెళ్ళిపోయాడమ్మా."

కృష్ణారావు పెన్సిలు ఆపి తలెత్తాడు. "వెళ్తూ వెళ్తూ నన్నొక్కటే అడిగాడండీ. 'అయితే బతికున్నాడా?' అన్నాడు."

పన్నెండూ నలభై. మల్లీశ్వరి చేతిలో బెల్టు ముక్క ఒక్కసారిగా బరువెక్కింది. ఇన్నాళ్ళూ భానుచందర్ ఎక్కడ దాక్కున్నాడో గానీ, అతన్ని కాపాడింది ఒక్కటే. కాలవ అతన్ని ఈడ్చుకుపోయిందని జ్ఞానేశ్వర్ నమ్మడం. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఆమే, అందరి ముందూ, గర్వంగా, గట్టిగా అరిచి మరీ తీసేసింది.

"మేడం," అంటోంది ఫోన్లో రేణుక. "లైన్లో ఉన్నారా? ఇంకో ఫోన్ వస్తోందండీ. జ్ఞానేశ్వర్. ఎత్తమంటారా?"